ఖరగ్‌పూరు తెలుగు కుటుంబముల మూలపురుషుడు

పశ్చిమ బంగాళములోని ఖరగ్‌పూరునందు తెలుగుమాట వినబడని రైల్వేవాడ అరుదు. మథురాకాటిలోను, నింపురాలోను, ఓల్డ్ సెటిల్‌మెంటులోను నాలుగైదు తరములుగ కాపురములు చేయుచున్న తెలుగు కుటుంబములు కలవు. ఈ కుటుంబములలో ఏ పెద్దను "మీవారు ఇక్కడికి ఎప్పుడు వచ్చినారు?" అని ప్రశ్నించినను సాధారణముగ వచ్చు సమాధాన మొక్కటియే: "మా ముత్తాత బి.ఎన్.ఆర్.లో చేరినాడట." ఆ "అట" యను చిన్నమాటవద్ద వంశచరిత్ర ఆగిపోవుచున్నది. ముత్తాత ఏ గ్రామమువాడు, ఏ యేట రైలెక్కెను, ఆయన యిల్లాలు ఏ యింటి ఆడపడుచు అను ప్రశ్నలకు సమాధానము దొరకదు.

ఇది వేయి సంవత్సరములనాటి సంగతి కాదు. నూటపాతిక యేండ్లకు అటునిటుగ నున్న వృత్తాంతము. ముఖలింగమునుండి యేలిన తూర్పు గాంగరాజుల వంశావళిని పరీక్షకొరకు వల్లెవేసిన పట్టభద్రునకు తన ముత్తవ్వ పేరు తెలియకుండుట విచిత్రమే గాని, అందు అతని దోషము స్వల్పము. రాజులు తమ పేర్లను రాగిరేకులపై చెక్కించుకొనిరి. రైలుకట్టపై మట్టి మోసినవాని పేరు మేస్త్రీ చేతిపుస్తకములో నెలజీతము ముట్టువరకు మాత్రమే నిలిచెను.

అయినను ఆ మూలపురుషుని జాడ తీయుట అసాధ్యము కాదు. ముందుగ అతడు రాగల కాలమును నిర్ణయించుకొనవలెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. తొలినాళ్లలో దాని దృష్టియంతయు నాగపూరునుండి ఛత్తీస్‌గఢము మీదుగ ఆసన్‌సోలు బొగ్గుగనులవైపునకే. తెలుగుతీరముతో దానికి పనిలేకుండెను. ఈ తీరమున ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను ప్రభుత్వమే నిర్మించెను. బెజవాడకును కటకమునకును నడుమ ఆ మార్గము 1893 మొదలు 1896 వరకు భాగములుగ తెరువబడెను. 1899లో కటకము ఖరగ్‌పూరుతో కలిసెను. 1900లో ఖరగ్‌పూరునుండి హౌరావరకు బండి నడచెను. రూపనారాయణ నదిపై కోలాఘాటువద్ద కట్టిన వంతెన అందుకు దోహదమైనది.

తరువాత జరిగిన పంపకము ఈ కథకు అన్నిటికంటె ముఖ్యమైనది. 1901, 1902 సంవత్సరములలో ఈస్ట్ కోస్ట్ రైల్వే రెండు భాగములయ్యెను. బెజవాడనుండి వాల్తేరువరకు గల భాగము మద్రాసు రైల్వేకు పోయెను. వాల్తేరునకు ఉత్తరభాగము బి.ఎన్.ఆర్.కు దక్కెను. ఒక కలముపోటుతో విజయనగరము, శ్రీకాకుళము, పలాస ప్రాంతముల రైతుకూలీకి కొలువుదారి మద్రాసువైపునుండి మరలి బంగాళమువైపునకు తిరిగెను. కంపెనీవారు తమ పెద్ద వర్క్‌షాపును ఖరగ్‌పూరున నెలకొల్పుటతో ఆ దారి రాచబాట యయ్యెను. ఖరగ్‌పూరు తెలుగువారిలో కళింగాంధ్రులు అధికముగ నుండుటకు ఈ సరిహద్దు రేఖయే ప్రధానకారణము.

ఈ లెక్కనుబట్టి 1900 ప్రాంతమున పాతికముప్పది యేండ్ల వయస్సుతో వచ్చినవాడు 1870కి అటునిటు పుట్టి యుండవలెను. అనగా అతడు మద్రాసు రాజధానిలోని గంజాము లేక విశాఖపట్టణము జిల్లాలో జన్మించి, 1888-89లో గంజామును పీడించిన కరవును పడుచుతనమున చూచియుండును. అతని తండ్రి 1866నాటి ఒరిస్సా మహాక్షామమును చూచియుండును. అంతకుముందు ఈ ప్రాంతమువారికి కరవు వచ్చిన యెడల కళింగపట్టణముననో భీమునిపట్టణముననో ఓడ యెక్కి రంగూనునకు పోవుటయే తెలిసిన మార్గము. సముద్రము దాటకుండ పొరుగుదేశమున కొలువు దొరకుట రైలు తెచ్చిన క్రొత్తవిషయము.

పరదేశములలో వంశచరిత్ర వ్రాసుకొనువారికి గల సదుపాయములను చూచిన అసూయ కలుగును. అమెరికాలోని ఒహాయో, ఇల్లినాయి, అయోవా రాష్ట్రముల రైతు తన ముత్తాతను వెదకుట చాల సుళువు. 1850 మొదలు ఆ దేశపు జనాభాలెక్కలలో స్వతంత్రుడైన ప్రతిమనిషి పేరు, వయస్సు, పుట్టిన రాష్ట్రము వ్రాయబడెను. 1862నాటి హోమ్‌స్టెడ్ చట్టముక్రింద భూమి పొందినవాని పట్టా దస్తావేజులు నేటికిని నిలిచియున్నవి. 1890నాటి జనాభా పత్రములు మాత్రము 1921లో జరిగిన అగ్నిప్రమాదమున చాలవరకు నాశనమగుటచే వారును ఆ దశకమువద్ద తడబడుదురు. మన మద్రాసు రాజధానిలో 1871లోనే జనాభాలెక్కలు తీసిరి. కాని ఇంటింటి పత్రములనుండి అంకెలు కూడుకొని, పత్రములను పారవేసిరి. తాలూకాలో ఎందరు సాలెవారో తెలియును గాని వారిలో ఒక్కని పేరును తెలియదు.

ఇంతకంటె చోద్యమైన దొకటి కలదు. 1860 నవంబరు 16న ట్రూరో యను నౌక మద్రాసునుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అటుపిమ్మట నాటాలునకు పోయిన ప్రతి ఒప్పందపు కూలీకి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది మచ్చలు సైతము పట్టికలో వ్రాసిరి. మారిషసునకు పోయినవారి పట్టికలును మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. అనగా ఏడు సముద్రములకావల నున్న తెలుగువాడు తన పూర్వుని గ్రామమును పట్టికలో వ్రేలుపెట్టి చూపగలడు. ఒక రాత్రి ప్రయాణపు దూరములోనున్న ఖరగ్‌పూరు తెలుగువాడు చూపలేడు. దేశములోపల బండి యెక్కినవానిని లెక్కించుట ఏ దొరకును అవసరము కాలేదు.

ఒకే వర్క్‌షాపులో పనిచేసిన ఆంగ్లో ఇండియనుల స్థితి వేరు. వారి జ్ఞానస్నానములు, వివాహములు, సమాధులు చర్చిపుస్తకములకెక్కి, వాని ప్రతులు లండనుకు పోయెను. నేడు ఆస్ట్రేలియాలో స్థిరపడిన వారి మనుమలు ఆ ప్రతులను చూచుకొనుచున్నారు. తెలుగువారిలోను క్రైస్తవకుటుంబములకు ఈ సదుపాయము కొంత కలదు. కెనడా బాప్టిస్టు మిషనువారు 1870 దశకమునుండి శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతములలో సంఘములు స్థాపించిరి. ఆ సంఘములలో చేరిన కుటుంబముల పేర్లు సంఘపు పుస్తకములలో దొరకవచ్చును.

ఇక మిగిలినవారి సంగతి. ఉదాహరణమునకు బొబ్బిలి తాలూకానుండి వచ్చిన అప్పలస్వామి యను ఖలాసీ యొకడు ఉండెననుకొన్నచో, అన్వేషకునకు ఎదురగు మొదటి చిక్కు ఆ పేరే. సింహాచలేశుడు అప్పన్న గనుక ఆ ప్రాంతమున అప్పన్నలు, అప్పలస్వాములు, అప్పలనరసమ్మలు వీధికి పదిమంది. సింహాచలమను పేరు మగవారికిని ఆడవారికిని కలదు. పైగా పెద్దకుమారునకు తాతపేరు పెట్టు ఆచారమువలన తరము విడిచి తరము అదే పేరు తిరిగి వచ్చును. ఈ పేర్లను వేరుచేయునది ఇంటిపేరు. దానినే రైలుగుమాస్తా ఒక ఇంగ్లీషు అక్షరముగ కుదించివేసెను. "బి. అప్పలస్వామి" అని చదివిన మనుమనికి ఆ "బి" బలగయో, బెండియో, బోనెలయో, బుడుమూరో ఎట్లు తెలియును?

తరువాతి తరమున ఆ అక్షరముకూడ జారిపోయెను. బంగాళములో ఇంటిపేరు వెనుక వచ్చును. బడిలో చేర్చుకొనునపుడు పిల్లవాని పేరు చివరనున్న "రావు"ను చూచి అదియే ఇంటిపేరని వ్రాసికొనిరి. కొందరి యిండ్లలో తండ్రి "రావు", కొడుకు "రావు", కోడలు "శ్రీమతి రావు" ఐ, అసలు ఇంటిపేరు పెండ్లిశుభలేఖలకు మాత్రమే మిగిలినది. ఇది చిన్న నష్టము కాదు. కళింగాంధ్రమున అనేకములైన ఇంటిపేర్లు గ్రామనామములే. ఇంటిపేరు పోయినయెడల ముత్తాతకంటె ముందుతరములవారు నివసించిన గ్రామముయొక్క గుర్తుకూడ పోవును. కనుక పాత శుభలేఖను పసుపు అంటినదైనను పారవేయరాదు.

రెండవ చిక్కు జిల్లా. బొబ్బిలి పందొమ్మిదవ శతాబ్దిలో విశాఖపట్టణము జిల్లాలోనిది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడినపుడు అందు చేరెను. 1979 జూన్ 1న విజయనగరము జిల్లాలోనికి పోయెను. పార్వతీపురము ఇదే దారిలో మూడు జిల్లాలు తిరిగి 2022 ఏప్రిల్ 4న తానే ఒక జిల్లాకు కేంద్రమయ్యెను. గంజాము కథ మరింత జటిలమైనది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు బరంపురము అటు పోయెను. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు పోగా ప్రక్కనున్న పాతపట్నము ఇటు నిలిచెను. కాగితముపై "గంజాము జిల్లా" అని యుండుటచూచి మనుమలు ఒడిశాలో వెదకి వేసారిన యెడల ఆశ్చర్యము లేదు. "చికాకోల్" అన్నది శ్రీకాకుళమని గ్రహింపక అదేదో పరదేశమనుకొనువారును ఉందురు. ఆముదాలవలసలోని నేటి శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఒకప్పుడు చికాకోల్ రోడ్డే.

రైల్వే కాగితములలో అన్నిటికంటె విలువైనది సర్వీసు పత్రము. పేరు, తండ్రిపేరు, పుట్టిన తేది, స్వగ్రామము, దేహముపై గుర్తులు, చేరిన తేది, జీతపు మార్పులు అందుండును. అక్షరము రానివాని ఎడమచేతి బొటనవ్రేలి ముద్రయుండును. పుట్టిన తేదిని మాత్రము నమ్మరాదు. జులై 1వ తేదిన ఎందరు ఖలాసీలు పుట్టినట్లు వ్రాయబడెనో గమనించినచో ఆ తేది తల్లి చెప్పినది కాదు, గుమాస్తా కల్పించినదని తేలును. బి.ఎన్.ఆర్. కంపెనీ పాలన 1944లో ముగిసి ప్రభుత్వపరమైనది. 1952లో తూర్పు రైల్వేలో కలిసెను. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగ విడివడెను. ఒక్కొక్క మార్పునకు బీరువాలు ఒకచోటినుండి మరియొకచోటికి కదలెను. నిర్ణీతకాలము గడచిన కాగితముల గతి యేమగునో కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేత కార్యాలయమున దొరకని పత్రముయొక్క నకలు ఇంటిలోని రేకుపెట్టె అడుగున దొరకు అవకాశమే హెచ్చు. పింఛనుకాగితము, భవిష్యనిధి పత్రము, క్వార్టరు కేటాయింపు ఉత్తరువు, మెడలు విరిగిన హాజరుబిళ్ల, దేనిని తక్కువగ చూడరాదు. ఉద్యోగి విరమించి క్వార్టరు ఖాళీచేయు దినములలోనే ఈ రేకుపెట్టెలు పాతసామానువాని తక్కెడకెక్కుచున్నవి.

స్వగ్రామము తెలిసిన పిమ్మట భూమికాగితములను ఆశ్రయించుట అందరును చేయుపని. ఇచట కళింగాంధ్రపు ప్రత్యేకతను గుర్తుంచుకొనవలెను. ఈ ప్రాంతమున చాలభాగము 1802-03నాటి శాశ్వతపు శిస్తు ఏర్పాటుక్రింద జమీందారీలుగ నుండెను. ప్రభుత్వమునకు జమీందారు పేరే తెలియును. రైతు పేరు జమీందారు కచేరీలో నుండెడిది. 1948నాటి చట్టముచే జమీందారీలు రద్దయినపుడు రైతులకు నేరుగ పట్టా లభించెను. 1900లోనే గ్రామము విడిచినవాని పేరు అందు రాదు. అన్నదమ్ముల పేర్లు రావచ్చును. కావున ముత్తాతను వెదకక, ముత్తాత తమ్ముని సంతతిని వెదకుట ఫలప్రదము. ఇనాముభూములు గలవారికి మాత్రము మేలు. 1858లో నియమింపబడిన ఇనాము కమిషను అనుభవదారుల పేర్లను, వారికి ఆ భూమి సంక్రమించిన విధమును విచారించి పుస్తకములకెక్కించెను.

గయలో పిండప్రదానము చేసిన కుటుంబములకు మరియొక ఆధారము కలదు. గయావళి పండాలు ప్రాంతములవారీగ పుస్తకముల నుంచుకొని, వచ్చిన యాత్రికుని పేరు, గ్రామము, తండ్రితాతల పేర్లు వ్రాయించుకొందురు. రైల్వేపాసు పుణ్యమా యని ఖరగ్‌పూరువారికి గయాయాత్ర సుళువైనది. ముత్తాత స్వయముగ చెప్పి వ్రాయించిన గ్రామనామము గుమాస్తా విని వ్రాసిన దానికంటె నమ్మదగినది. తద్దినములు పెట్టు యిండ్లలో తండ్రి, తాత, ముత్తాత, వారితోపాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు పలుకబడును. అట్టి ఆచారము లేని యిండ్లలో ఇలవేల్పు సాక్ష్యము చెప్పును. ఒకరు విజయనగరము పైడితల్లికి, ఒకరు శంబర పోలమాంబకు, ఒకరు పాతపట్నము నీలమణిదుర్గకు మ్రొక్కు చెల్లించుచు, ఎందుకో తెలియకయే నాలుగుతరములుగ ఆ దారిని విడువకున్నారు. ఏ తల్లికి మ్రొక్కుదురో ఆ తల్లి పొలిమేరలలోనే వారి మొదటి ఊరు ఉండుటకు అవకాశము మెండు.

ఖరగ్‌పూరు కార్మికులపక్షమున నిలిచిన వరాహగిరి వేంకటగిరిగారి వంశవృత్తాంతము ఇందుకు పూర్తిగ భిన్నము. ఆయన 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిరి. అప్పటికది గంజాము జిల్లా. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది, తల్లి సుభద్రమ్మగారు. డబ్లినులో న్యాయశాస్త్రము చదివి వచ్చి, బి.ఎన్.ఆర్. కార్మికసంఘమును నిర్మించి, 1927-28లో ఉద్యోగములనుండి తొలగింపబడినవారికొరకు జరిగిన పోరాటమును నడపి, 1969లో రాష్ట్రపతియైన ఆ మహనీయుని జీవితము ఆయన ఆత్మకథలోనే కలదు. ఆయన వెనుక నిలిచి, జీతములేక నెలలతరబడి సమ్మె చేసినవారు ఆయన పుట్టిన ప్రాంతమువారే, ఆయన భాష మాటలాడినవారే. వారి పేర్ల పట్టిక చరిత్రగ్రంథములలో లేదు. వారి మనుమలు వ్రాయకున్న వ్రాయువారు లేరు.

వ్రాయబూనువారిలో కొందరికి ఒక బలహీనత కలదు. తాత ఖలాసీ యని వ్రాయుటకు సిగ్గుపడి, ఆయన ఏదో జమీందారుతో తగవుపడి వచ్చిన దివానుగ చిత్రింతురు. కులమును మార్చి చెప్పువారును లేకపోలేదు. బొగ్గుమసిలో ముప్పదియేండ్లు పనిచేసి, తాను వేలిముద్ర వేసి, కొడుకును ఆంధ్ర హైస్కూలునకు పంపినవానికి దివానుగిరి అంటగట్టుట గౌరవము కాదు.

ఆడవారి విషయమున అన్వేషకులందరును చేయు పొరపాటొకటి కలదు. వంశవృక్షమున కొమ్మకొమ్మకు మగవారి పేర్లే వ్రాసి, ఆడవారిని విడిచిపెట్టుదురు. నిజమునకు దారి చూపువారు ఆడవారే. ఖరగ్‌పూరు తొలితరములవారు ఉద్యోగము బంగాళమున చేసినను పిల్లను స్వగ్రామపు చుట్టుపట్లనే తెచ్చుకొనిరి. మేనరికముండుటచే అత్తవారి గ్రామమునకును స్వగ్రామమునకును దూరము స్వల్పము. తొలికానుపు పుట్టింట జరుగుట ఆచారము గనుక, పెద్దకుమారుని జననము ఖరగ్‌పూరు పుస్తకములలో కాక తల్లి పుట్టినూరి గ్రామమునసబు పుస్తకమున నమోదయి యుండును. 1899నాటి మద్రాసు చట్టము తరువాత ఈ నమోదు బలపడినది. శిశువునకు ఇంకను నామకరణము కాలేదు కాబట్టి "మగశిశువు" అని మాత్రమే వ్రాసి తండ్రిపేరు చేర్చెడివారు. మనుమలు తాతపేరుకొరకు ఎంత వెదకినను అందు కానరాదు. తాత తండ్రి పేరుతో వెదకవలెను.

అందుచేత అప్పలస్వామి జాడ తీయువాడు వర్క్‌షాపు కార్యాలయమునకు అర్జీ పెట్టకముందు, ఇంటిలోనున్న ఎనుబదియేండ్ల నాయనమ్మవద్ద కూర్చుండవలెను. ఆమెను "మన వంశము సంగతి చెప్పుము" అని అడిగిన "నాకేమి తెలియును నాయనా" అనును. అడుగవలసిన తీరు వేరు. మీ అత్తగారి పురుళ్లు ఏ ఊరిలో జరిగినవి? సంక్రాంతికి ఎవరింటికి పోయెడివారు? ఏ స్టేషనులో దిగెడివారు? అచటినుండి బండియా, నడకయా? దారిలో ఏరు దాటవలెనా? ఈ ప్రశ్నలకు ఆమె తడుముకొనదు. "తెల్లవారుజామున పొందూరులో దిగి, రెండుకోసులు నడిచెడివారము, ఎడమచేతివైపు చెరువుగట్టు, గట్టుమీద అమ్మవారు" అని చెప్పినచో, జిల్లాలు ఎన్ని మారినను, పటముపై ఆ స్టేషనుచుట్టు వెదకవలసిన గ్రామములు పది పన్నెండుకు మించవు.